ఏడో అధ్యాయం: ఏజెన్సీ లేదు సరే, ఏజెంటు లేడా?

ఆమె మా ఇంటికొచ్చిన నలభయ్యో రోజున నాకు అసలు సంగతి తెలిసింది.

రెండో కాన్పు తర్వాత నేను మళ్లీ ఉద్యోగంలో చేరాల్సిన సమయమది. సింగపూర్‌లో మా ఫ్లాటు పదకొండో అంతస్తులో. అమ్మ ఆర్నెల్లుండి ఊరెళ్లిపోయింది. మా అత్తగారి ఊళ్లో తెలిసినవాళ్ల ద్వారా ఇంటిపనికి, పిల్లల్ని చూసుకోవడానికి ఒకావిడను మాట్లాడుకున్నాం. కోనసీమ మనిషి. ముప్ఫై ఆరేళ్లు, పదో తరగతి దాకా చదువు, ఇద్దరు పిల్లల తల్లి. ఏజెన్సీ గడప తొక్కలేదు. కాగితాలన్నీ నేనే పెట్టుకున్నాను. టికెట్టు మేమే కొన్నాం. ఎంత మిగిల్చానో ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మొదటి జీతం ఖాతాలో పడిన రోజు ఆవిడ వంటగదిలో ఫోన్లో ఎవరినో బతిమాలుతోంది. "ఈ నెలకి వడ్డీ మటుకు వేసేత్తానండి. అసలు సంగతి పై నెల చూద్దారి." ఎవరని అడిగితే రెండు రోజులు మాట దాటేసింది. మూడో రోజు ఉల్లిపాయలు తరుగుతూ చెప్పేసింది. మా నంబరు ఇప్పించినందుకు ఊళ్లో ఒక పెద్దమనిషి ఎనభై వేలు తీసుకున్నాడట. ఆ డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిందట. నెలకు 2,400 వడ్డీకే పోతోంది.

ఆ పెద్దమనిషి మమ్మల్ని ఒక్క రూపాయి అడగలేదు. అందుకే ఎంత మంచివాడో అనుకున్నాం. మా దగ్గర తీసుకోనిది ఆమె దగ్గర తీసుకున్నాడు. ఏజెన్సీని తప్పించాననుకున్నాను గానీ, రసీదు కూడా ఇవ్వని ఏజెంటు మధ్యలో ఉన్నాడని కనిపెట్టలేకపోయాను. మా అజాగ్రత్తకు జరిమానా అనుకుని ఆ అసలు మేమే తీర్చాం.

ఈ అధ్యాయంలో దరఖాస్తులు, బాండ్లు, లెవీలు అన్నీ చెబుతాను. కానీ కాగితాల పని తేలిక. సింగ్‌పాస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ గుర్తింపుతో లాగినై తీరిగ్గా కూర్చుంటే ఒక సాయంత్రం పని. ఆమె అప్పు లేకుండా విమానం ఎక్కేలా చూడటమే కష్టం. నేరుగా మనిషిని తెచ్చుకోవడంలో లాభమంటూ ఏదైనా ఉంటే అది అక్కడే ఉంది. మిగిలిన ఫీజు దాని ముందు చిల్లర.

ఏజెన్సీ ఏం చేస్తుంది, ఎవరి డబ్బుతో చేస్తుంది

ఏజెన్సీకి రెండు వైపుల నుంచి డబ్బు వస్తుంది. మీరు కట్టే సేవా రుసుము బిల్లులో కనిపిస్తుంది. రెండోది ఆమె జీతంలోంచి వెళ్తుంది. సింగపూర్ చట్టం ప్రకారం ఏజెన్సీ ఆమె దగ్గర ఒప్పందంలోని ఏడాదికి ఒక నెల జీతం చొప్పున, ఎంత ఎక్కువైనా రెండు నెలల జీతం వరకే తీసుకోవాలి. అయితే ఆమె సొంత దేశంలో శిక్షణకు, వైద్యపరీక్షలకు, పాస్‌పోర్టుకు, ఊరి బ్రోకరుకు అయిన ఖర్చు ఈ పరిమితి బయటే ఉండిపోతుంది. అదంతా ఆమె పేర రాసిన అప్పవుతుంది. మీరు ముందుగా ఏజెన్సీకి కట్టేసి, తర్వాత నెలనెలా ఆమె జీతంలో పట్టుకుంటారు.

నెలకు 600 డాలర్ల జీతం, ఆరు నెలల కోత అనుకుందాం. మొత్తం 3,600 సింగపూర్ డాలర్లు. ఆ ఆరు నెలలూ ఆమె పిల్లల స్కూలు ఫీజుకు డబ్బు పోదు. అత్తగారింట్లో మాటలు మొదలవుతాయి. ఇక్కడ ఏదైనా నచ్చకపోయినా నోరు విప్పదు, ఎందుకంటే తిరిగి వెళ్లినా అప్పు మాత్రం ఆమెతోనే వస్తుంది. ఒళ్లు వెచ్చగా ఉన్నా చెప్పదు, పాలు పొంగి స్టవ్ పాడైనా చెప్పదు. అలాంటి భయంలో ఉన్న మనిషి చేతుల్లో మనం పసిబిడ్డను పెడుతున్నాం.

ఏజెన్సీ చేసే మేలు కూడా చెప్పాలి. పది మంది వివరాలు ముందు పెడుతుంది, కాగితాలు చూసుకుంటుంది, కుదరకపోతే ఇంకొకరిని ఇస్తానని ఒప్పందం రాస్తుంది, గొడవొస్తే మధ్యలో నిలబడుతుంది. మంచం మీదున్న పెద్దవాళ్లకు పదిహేను రోజుల్లో మనిషి కావాలంటే, తెలిసినవాళ్లెవరూ లేకపోతే, లైసెన్సున్న మంచి ఏజెన్సీకి వెళ్లండి. తప్పేం లేదు. రెండు మూడు నెలల వ్యవధి, ఓపిక, నమ్మకంగా తెలిసిన మనిషి, ఈ మూడూ ఉన్నవాళ్ల కోసమే ఈ అధ్యాయం.

ముందు మీ అర్హత, తర్వాత ఆమె అర్హత

మీకు 21 ఏళ్లు నిండాలి, దివాలా కేసు ఉండకూడదు. మొదటిసారి హెల్పర్‌ను, అంటే ఇంట్లో ఉండి పనిచేసే మనిషిని, పెట్టుకుంటున్నవాళ్లు ఎంప్లాయర్స్ ఓరియెంటేషన్ ప్రోగ్రామ్ అనే చిన్న తరగతి పూర్తిచేయాలి. ఆన్‌లైన్లోనూ ఉంటుంది. దరఖాస్తు పెట్టేముందే దాన్ని ముగించుకోండి. పక్కన వీడియో పెట్టుకుని కూరగాయలు తరుక్కునే తరగతి కాదది. కిటికీల గురించి, సెలవు రోజు గురించి వాళ్లు చెప్పేవే రేపు మీ మెడకు చుట్టుకునే విషయాలు.

ఆమె వైపు షరతులు నాలుగు. వయసు 23 నిండి 50 లోపు ఉండాలి. కనీసం ఎనిమిదేళ్ల బడి చదువుకు ఆధారం ఉండాలి. సింగపూర్ ఆమోదించిన దేశాల నుంచి రావాలి. ఇండియా, ఫిలిప్పీన్స్, ఇండొనేషియా, మయన్మార్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆ జాబితాలో ఉన్నాయి. నాలుగోది మనవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేది: ఆమె మీకు బంధువై ఉండకూడదు. "మా పిన్ని వరసయ్యే ఆవిడ ఖాళీగానే ఉందండీ, ఇంట్లో మనిషిలా ఉంటుంది" అని ఊరి నుంచి సిఫార్సు వస్తే అక్కడే ఆపేయండి. వరస కలిసిందంటే వర్క్ పర్మిట్‌కు పనికిరాదు.

చదువు ఆధారం దగ్గర ఇంకో చిక్కుంది. నలభై దాటిన చాలామంది ఐదో తరగతితో బడి మానేసినవాళ్లు. "ఎనిమిది చదివినట్టు కాగితం పుట్టిస్తాలే" అనే మనిషి ప్రతి మండలంలోనూ దొరుకుతాడు. ఆ కాగితం మీద సంతకం ఎవరిదైనా, సింగపూర్ ప్రభుత్వానికి దాన్ని సమర్పించేది మీరు. తప్పుడు ధ్రువపత్రం పెట్టడం ఇక్కడ నేరం. పదో తరగతి మార్కుల జాబితా గానీ బడి ఇచ్చిన అసలు స్టడీ సర్టిఫికెట్ గానీ చూడనిదే ముందుకు కదలకండి. ఆధార్‌లో, పాస్‌పోర్టులో, సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో ఆ రోజే సరిపోల్చుకోండి. పాస్‌పోర్టులో మార్పులంటే నెలలు పడతాయి.

ఏ దేశం నుంచి?

సింగపూర్ అనుమతి ఇవ్వడం ఒక తలుపు. ఆమె దేశం ఆమెను బయటికి పంపడం ఇంకో తలుపు. నేరుగా తెచ్చుకునేవాళ్లు రెండో తలుపును మరచిపోయి విమానాశ్రయంలో తల పట్టుకుంటారు.

ఫిలిప్పీన్స్ ప్రభుత్వం తన పౌరులను విదేశీ యజమానులు నేరుగా నియమించుకోవడాన్ని సాధారణంగా ఒప్పుకోదు, మినహాయింపులు ఉన్నా వాటికో దారి ఉంది. ఒప్పందాన్ని ఇక్కడున్న వాళ్ల మైగ్రంట్ వర్కర్స్ ఆఫీసు సరిచూడాలి. ఓఈసీ అనే ధ్రువపత్రం లేకపోతే మనీలా విమానాశ్రయంలోనే ఆపేస్తారు, చేతిలో సింగపూర్ ఇచ్చిన అనుమతి ఉన్నా సరే. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల నుంచి ప్లేస్‌మెంట్ ఫీజు వసూలు చేయకూడదని, కనీస జీతం నెలకు 400 అమెరికన్ డాలర్లని ఆ దేశం 2006లోనే నియమం పెట్టింది. తర్వాత మారిన అంకె ఎంతో దరఖాస్తు ముందు కనుక్కోండి. ఇండొనేషియా, శ్రీలంక, మయన్మార్‌లకూ ఎవరి కాగితాలు వాళ్లకున్నాయి. ఆయా ఎంబసీలను అడగకుండా టికెట్టు కొనకండి.

ఇండియా నుంచి సింగపూర్‌కు దారి కాస్త సులువు. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. సింగపూర్ ఆ జాబితాలో లేదు. ఇదే పని కువైట్‌లో ఉన్న మీ తమ్ముడు చేద్దామనుకుంటే మాత్రం కథ వేరు. ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి, ఇంటిపనికి వెళ్లేవాళ్లు ప్రభుత్వం గుర్తించిన సంస్థల ద్వారానే వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఆ కోవలోవే. ఈ కట్టుదిట్టం ఊరికే రాలేదు. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఖద్దామాలుగా, అంటే ఇంటిపనికి, వెళ్లిన మన ఆడవాళ్లు చిక్కుల్లో పడి, ఇళ్లవాళ్లు కలెక్టరేట్ల చుట్టూ తిరిగిన ఉదంతాల వెనకే వచ్చింది.

సింగపూర్‌లోనే ఇంకో ఇంట్లో ఒప్పందం ముగుస్తున్న మనిషి దొరికితే అన్నిటికన్నా హాయి. ఇక్కడి లిఫ్టులు, స్టవ్‌లు, బస్సులు ఆమెకు కొత్త కాదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడవచ్చు. ఇప్పటి యజమాని ట్రాన్స్‌ఫర్‌కు ఒప్పుకోవాలి. ఆ యజమానితో మీరే స్వయంగా మాట్లాడండి.

వీడియో కాల్లో మొదటి ప్రశ్న

"వంట వచ్చా? పిల్లల్ని చూసుకుంటావా?" అని అడిగితే ప్రపంచంలో ఎవరైనా వచ్చనే చెబుతారు. అవసరం ఆమెది, ఒప్పుకోవడమే ఆమెకు తెలిసిన జవాబు. ఎలా అడిగితే అసలు జవాబు వస్తుందో నేను దెబ్బ తిన్నాక నేర్చుకున్నాను. రెండోసారి మనిషిని వెతికినప్పుడు మా మాటలు ఇలా సాగాయి:

"అమ్మా, మా నంబరు మీకు ఎవరిచ్చారు?"

"మా ఈధిలో ఆయన ఇచ్చేరండి."

"ఇచ్చినందుకు ఏమైనా పుచ్చుకున్నారా?"

"..."

"చెబితే మీకు పని పోదు. చెప్పకపోతేనే మనిద్దరికీ ఇబ్బంది. నేను ఒకసారి పడ్డాను."

"యాభై అడిగేరండి. ఇంకా ఇవ్వలేదండి."

"ఇవ్వకండి. మీకు ఈ పని ఇచ్చేది నేను. పాస్‌పోర్టు, మెడికల్, టికెట్టు, అన్నిటికీ డబ్బు నేనే పెడతాను. ఒక్క రూపాయి ఎవరికిచ్చినా నాకు చెప్పాలి."

"ఆయ్, అలాగేనండి."

'ఇంకా ఇవ్వలేదండి' అన్న ఒక్క మాట కోసమే ఆ కాల్. ఈ ప్రశ్న ఒక్కసారి అడిగి వదలకండి. మొదటి కాల్లో పక్కన ఆ పెద్దమనిషే కూర్చుని ఉండవచ్చు. రెండో కాల్ ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, మూడోది ఆమె భర్తనో తల్లినో కూడా పిలిచి మాట్లాడండి. ఇంటివాళ్లకు ఇష్టం లేకుండా వచ్చిన మనిషి ఇక్కడ నిలవదు.

మిగతా ప్రశ్నలు కూడా జరిగిన సంగతులు చెప్పించేలా ఉండాలి. "మీ చిన్నాడికి జ్వరమొస్తే రాత్రి ఏం చేశారు?" "పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నిన్నంతా ఏం చేశారో చెప్పండి." "ఎత్తు నుంచి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయా?" ఈ చివరిది నవ్వులాటకు అడిగేది కాదు. పెంకుటింట్లో పుట్టి పెరిగిన మనిషి పదకొండో అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేయాలి.

మీ ఇంటి సంగతులు కూడా అంతే నిజంగా చెప్పండి. ఎంతమంది, ఎవరికి ఏ జబ్బు, రాత్రిళ్లు బాబు ఎన్నిసార్లు లేస్తాడు, ఆమె ఎక్కడ పడుకోవాలి, ఇంట్లో మాంసం వండుతారా లేదా, కెమెరాలు ఎక్కడున్నాయి, అన్నీ. కెమెరా ఉంటే ముందే చెప్పాలి. ఆమె పడుకునే చోట, స్నానం చేసే చోట ఉండకూడదు. ఫోన్ తిప్పి ఇల్లంతా చూపించండి, ఆమె మూల సహా.

కాగితాల వరస

వరస తప్పితే డబ్బు, కాలం రెండూ వృథా. నేను నడిచిన క్రమం ఇది.

ఒకటి. ఎంప్లాయర్స్ ఓరియెంటేషన్ తరగతి.

రెండు. ఒప్పందం తెలుగులో రాయడం. జీతం, ఏ తేదీకి ఇస్తారు, వారపు సెలవు, ఇంటికెళ్లే సెలవు, టికెట్టు ఎవరు కొంటారు, ఎన్ని రోజుల ముందు చెప్పి మానుకోవచ్చు. రెండు పేజీలు దాటక్కర్లేదు. వాట్సాప్‌లో పంపి, ఆమె చేత పైకి చదివించుకోండి. చదువుతూ ఎక్కడ ఆగిందో అక్కడే ఆమె అనుమానం ఉంటుంది.

మూడు. మానవశక్తి మంత్రిత్వ శాఖకు, అంటే ఇక్కడందరూ ఎంఓఎం అనే దానికి, ఆన్‌లైన్ దరఖాస్తు. రుసుము 35 డాలర్లు. ఒప్పుకుంటే ఐపీఏ అనే సూత్రప్రాయ అనుమతి పత్రం వస్తుంది. అందులో మీరు ప్రకటించిన జీతం, కోతలు ఉంటాయి. దాని ప్రతి ఆమె బయల్దేరకముందే ఆమె చేతికి అందాలి. కోతల దగ్గర సున్నా ఉన్న పత్రం చూపిస్తే ఊరి పెద్దమనిషికి చెప్పడానికి ఆమెకూ ఒక ఆధారం దొరుకుతుంది.

నాలుగు. బాండ్, బీమాలు. ప్రభుత్వానికి హామీగా ఇచ్చే 5,000 డాలర్ల సెక్యూరిటీ బాండ్‌కు అంత నగదు కట్టనక్కర్లేదు, బీమా సంస్థ గ్యారంటీ ఇస్తుంది. ఏడాదికి కనీసం 60,000 డాలర్ల వైద్యబీమా 2023 జులై నుంచి తప్పనిసరి. ప్రమాద బీమా కూడా కనీసం 60,000కు ఉండాలి. ఇవన్నీ ఆమె దిగే రోజుకు అమల్లో ఉండాలి.

ఐదు. ఇవి అయ్యాకే టికెట్టు. "ముందు విజిటర్‌గా రప్పించి, తర్వాత చూద్దాం" అనే సలహా వింటే ఆమె పని చట్టవిరుద్ధం, మీది నేరం.

ఆరు. వచ్చాక కొత్త హెల్పర్లకు ఒక రోజు సెట్లింగ్ ఇన్ ప్రోగ్రామ్, రెండు వారాల్లోపు వైద్యపరీక్ష, తర్వాత 35 డాలర్లు కట్టి వర్క్ పర్మిట్ జారీ. పర్మిట్ సాధారణంగా రెండేళ్లకు.

నిబంధనలు, రుసుములు మారుతుంటాయి. దరఖాస్తు పెట్టే రోజున ఎంఓఎం సైట్లో ఒక్కొక్క అంకె మళ్లీ చూసుకోండి.

ఖర్చు లెక్క ముందే వేసుకోండి

ఎక్కువమంది లెక్క తప్పేది లెవీ దగ్గర. హెల్పర్‌ను పెట్టుకున్నందుకు యజమాని ప్రభుత్వానికి నెలనెలా కట్టేది లెవీ. మామూలు లెవీ నెలకు 300 డాలర్లు, ఏడాదికి 3,600. రాయితీ కింద 60 డాలర్లే అని పక్కింటివాళ్లు చెప్పింది నిజమే, కానీ అది వాళ్లకు. ఇంట్లో 16 ఏళ్లలోపు సింగపూర్ పౌరసత్వమున్న బిడ్డో, 67 నిండిన పౌరులో, వైకల్యమున్నవారో ఉంటేనే ఆ రాయితీ. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీదున్న మన కుటుంబాల్లో పిల్లలు భారత పౌరులు, అత్తమామలు లాంగ్ టర్మ్ విజిట్ పాస్ మీద ఉంటారు. 300 పూర్తిగా కట్టాల్సిందే. దాన్ని ఆమె జీతంలోంచి పట్టుకోవడం చట్టవిరుద్ధం.

సింగపూర్‌లో హెల్పర్లకు కనీస జీతం చట్టం లేదు. కాబట్టి అంకె మీ మనస్సాక్షి వేసేదే. మీ ఇంట్లో ఆమె చేసే పనినే ఇంకో దేశపు మనిషి చేస్తే ఎంతిచ్చేవారో అడగండి. "తెలుగావిడేగా, తక్కువకు వస్తుంది" అన్న మాట నోటిదాకా వస్తే వెనక్కి మింగేయండి.

లెవీ, జీతం, తిండి, వైద్యం, రెండేళ్లకోసారి టికెట్టు కలిపి నెలకు ఎంతవుతుందో కాగితం మీద వేసి, మూడు నెలల మొత్తం విడిగా పెట్టుకోండి. అది పెట్టలేకపోతే హెల్పర్‌ను తెచ్చుకునే సమయం ఇంకా రాలేదు.

మొదటి నెల

పాస్‌పోర్టు ఆమెదే, ఆమె దగ్గరే ఉండాలి. "పారిపోతే 5,000 పోతాయి" అని కొందరు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అది చట్టానికి విరుద్ధం, అవసరం కూడా లేదు. ఆమె కనిపించకుండా పోతే, మీరు వెతికి పోలీసులకు చెబితే, బాండ్‌లో సగం పోతుంది. ఆ 2,500 డాలర్ల భయానికి ఒక మనిషిని బందీని చేస్తారా?

జీతం నెల ముగిసిన ఏడు రోజుల్లోపు ఇవ్వాలి. ఆమె పేరుతో బ్యాంకు ఖాతా తెరిపించి అందులోనే వేయండి. "మీ దగ్గరే ఉంచండి మేడమ్, వెళ్లేటప్పుడు తీసుకుంటాను" అన్నా వద్దనండి. ఊళ్లో డబ్బు అడిగేవాళ్లు ఎక్కువైనప్పుడు ఆమె అలా అంటుంది. ఖాతాలో డబ్బు దాచుకోవడం నేర్పడమే ఆమెకు మీరు చేసే సాయం.

వారానికో రోజు సెలవు ఆమె హక్కు. ఆమె ఒప్పుకుంటే కొన్నిటికి బదులు డబ్బివ్వవచ్చు. కానీ 2023 జనవరి నుంచి నెలకు కనీసం ఒక సెలవు డబ్బుతో కొనలేనిది. మొదటి ఆదివారం మీరే వెంట వెళ్లండి. ఎంఆర్‌టీ కార్డు వాడటం, లిటిల్ ఇండియాకు దారి, సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ గుడి, చర్చికి వెళ్లే మనిషైతే చర్చి, ఫోన్లో మీ ఇంటి చిరునామా, అన్నీ చూపించండి. రెండో ఆదివారం ఆమె ఒక్కతే వెళ్లాలి.

కిటికీల విషయంలో బేరం లేదు. బయటివైపు అద్దాలు తుడవాలంటే కిటికీకి గ్రిల్ ఉండి, అది తాళం వేసి ఉండాలి. పెద్దవాళ్లెవరైనా పక్కన నిలబడాలి. హెచ్‌డీబీ ఫ్లాట్లలో బట్టల వెదురు కర్ర బయటికి చాపడం చూసేవాళ్లకు చిన్న పని. తడి దుప్పటి వేసిన కర్ర బరువు ఎంతో, ఎటు లాగుతుందో మీరే ఒకసారి చేసి చూడండి.

ఆమె పని మీ ఇంటి చిరునామాకే పరిమితం. వదినగారింట్లో సత్యనారాయణ వ్రతమనీ, స్నేహితుడి హోటల్లో మనిషి రాలేదనీ పంపితే చట్టవిరుద్ధం. పంపేది మీరే కాబట్టి జరిమానా కూడా మీకే.

ఇక చట్టంలో లేనిది ఒకటి. మన ఇళ్లలో పనివాళ్లకు విడి గ్లాసు, విడి కంచం పెట్టే అలవాటు సముద్రం దాటినా పోదు. "శుభ్రత కోసమండీ" అంటాం. మన బిడ్డకు గోరుముద్దలు పెట్టే చేయి శుభ్రమైనప్పుడు ఆ చేయి తాకిన గ్లాసు ఎందుకు కాకుండా పోతుంది? రాత్రి మిగిలిన అన్నం ఆమెకు, వేడి అన్నం మనకు అనే లెక్క ఆమె మరచిపోదు, ఎప్పుడూ చెప్పదు కూడా. మొదటి రోజే అందరికీ పెట్టే కంచాల్లోంచి ఒకటి తీసి ఆమెకు వడ్డించండి. మీ పిల్లలు చూస్తుండగా.

2016లో ఇక్కడ ఒక ఇంట్లో పనిచేసిన పియాంగ్ ఙై డాన్ అనే మయన్మార్ యువతి చనిపోయేనాటికి 24 ఏళ్లది, 24 కిలోల బరువుంది. ఆమెను చిత్రహింసలు పెట్టిన యజమానురాలికి 2021లో 30 ఏళ్ల శిక్ష పడింది. హెల్పర్లకు ఆర్నెల్లకోసారి జరిగే వైద్యపరీక్షలో బరువు, దెబ్బల గుర్తులు చూడమని డాక్టర్లకు ఎంఓఎం చెప్పింది ఆ తర్వాతే. ఆ ఇంటి సంగతి చివరిదాకా బయటికి పొక్కకపోవడానికి కారణం, ఆమె మాట వినేవాళ్లెవరూ లేకపోవడం. మీ హెల్పర్ ఫోన్లో సెంటర్ ఫర్ డొమెస్టిక్ ఎంప్లాయీస్ సహాయ నంబరు మీ చేత్తోనే సేవ్ చేయండి. ఆమె అవసరమైతే ఫిర్యాదు చేసేది మీ మీదే కావచ్చు. అయినా చేయండి.

కుదరకపోతే

ఏజెన్సీ లేనప్పుడు 'ఇంకొకరిని ఇవ్వండి' అని అడిగే కౌంటరు ఉండదు. అందుకే విడిపోయే దారి మొదటి రోజే మాట్లాడుకోవాలి. రెండు నెలలకు కుదరదని తేలితే రెండే మార్గాలు. ఆమెకు ఇంకో ఇల్లు చూసి ట్రాన్స్‌ఫర్‌కు ఒప్పుకోవడం, లేదా చివరి పైసా దాకా జీతమిచ్చి, మీ ఖర్చుతో ఆమె ఊరికి దగ్గరి విమానాశ్రయానికి టికెట్టు కొనడం. కోపంలో రాత్రికి రాత్రే పర్మిట్ రద్దు చేసి పంపేయకండి. ఊళ్లో దిగిన ఆమెను "ఏం చేసొచ్చావ్?" అని అడిగేవాళ్లు వందమంది ఉంటారు. చేసిన పని గురించి నాలుగు వాక్యాల ఉత్తరం రాసివ్వండి.

మా మొదటి ఆవిడతో అంతదాకా రాలేదు. అప్పు తీరిన నెల నుంచి ఆమె మాట మారింది. "బాబుకి ఈ మందు పడతంలేదండి, డాక్టరుకి చెప్పండి" అని తనంతట తాను చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు నా కూరలో ఉప్పెక్కువైందని కూడా చెప్పింది. నాలుగేళ్లుంది. ఇప్పుడు వాళ్ల అమ్మాయి నర్సింగ్ చదువుతోంది.

ఈ వారం చేయాల్సిన పని

ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు మీరు ఎవరి ద్వారా ఆమెను తెలుసుకున్నారో, ఆ మనిషి నుంచి ఆమె దాకా మధ్యలో ఎంతమంది ఉన్నారో పేర్లతో రాయండి. కుడివైపు ఒక్కొక్కరికీ ఇందులో ఏం లాభమో రాయండి. కుడివైపు ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ ఆమె డబ్బు పోతూ ఉండవచ్చు. ఆ ఖాళీ నిండేదాకా దరఖాస్తు పేజీ తెరవకండి.

టికెట్టు కొనేముందు ఆఖరిసారి ఫోన్ చేసి, "ఎవరికైనా ఏమైనా ఇచ్చారా?" అని మళ్లీ అడగండి.